బూతుకాలం

మా నాన్న మా ఇంట్లో ఏనాడూ తెలుగులో తిట్టలేదు. ఇదేదో ఆయన మంచితనం గురించి చెప్పుకోవడం కాదు. పెళ్లయిన మొదటి వారంలోనే మా అమ్మ షరతు పెట్టిందట: "ఈ గడప లోపల తిట్టు వినపడిందంటే, నేను గడప బయట కనపడతాను." నాన్న రేవులో క్రేను నడిపే మనిషి. ఓడల్లోంచి సరుకు దించే పని. ఆ పనిలో నోరు కట్టేసుకోమనడమంటే క్రేనుకి కొక్కెం ఊడబీకడమే. అందుకని ఆయన షరతులో సందు వెతికాడు. తిట్టొద్దంది గాని ఏ భాషలోనో చెప్పలేదు కదా. అమ్మకు వచ్చింది తెలుగొక్కటే. రేవుకి వచ్చినవి సముద్రమంత భాషలు.

ప్రతి ఓడా సరుకుతో పాటు ఒక తిట్టు దించి పోయేది. సరుకు గోడౌనుకి, తిట్టు మా ఇంటికి. సుత్తి వేలి మీద పడితే ఒక దేశం, కుళాయి కారితే ఒక దేశం, కరెంటు పోతే ఇంకో దేశం. "చలి దేశాల తిట్లు పొట్టిగా ఉంటాయిరా," అనేవాడు. "నోరు ఎక్కువసేపు తెరిస్తే చలి లోపలికి పోతుందని భయం. ఎండ దేశాలవాళ్లకా తొందర లేదు, ముత్తాత దగ్గర మొదలెట్టి మెల్లగా మన దాకా వస్తారు." అమ్మ చాలా ఏళ్లు అవన్నీ సరుకుల పేర్లే అనుకుంది.

నేనూ నేర్చుకున్నాను. వాటిలో ఉన్న మజా ఏమిటంటే అర్థం లేకపోవడమే. అర్థం తెలిస్తే అనర్థం. తెలియనంతకాలం ఎవరి పరువూ పోదు, మన కోపం మాత్రం పోతుంది. నాన్న దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మన భాషలో తిడితే తగులుతుంది. పరాయి భాషలో తిడితే మోగుతుంది, అంతే."

వాటన్నిటిలోకీ ఆయనకి ప్రాణమైన మాట ఒకటుంది. దాన్ని ఇక్కడ రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది. మూడక్షరాలు. మొదటిది గింజ ఉమ్మినట్టు మొదలవుతుంది, రెండోది నాలుక మీద ఒక గిరికీ కొడుతుంది, మూడోది ఎవరో కోపంగా తలుపేసి పోయినట్టు ఆగుతుంది. అనడానికి అంత రుచిగా ఉండే మాట నేను ఇంకోటి ఎరగను.

నేనెవరో చెప్పలేదు. ఫంక్షన్లకి మైకు సెట్లు అద్దెకిస్తాను. అవసరమైతే నోరు కూడా అద్దెకిస్తాను. పెళ్లయినా, షాపు ప్రారంభమైనా, మైకు పట్టుకున్నానంటే మైకమే. మా ఆవిడ అంటుంది, "మీ సెట్టుకి స్విచ్చుంది, మీకే లేదు" అని. ఇలా నోటితో బతికే ఇంట్లో ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే నాన్నకి మాట పడిపోయింది. మాట పడటం నాకు అలవాటే, మా ఆవిడ ధర్మమా అని రోజూ పడతాను. మాట పడిపోవడమంటే ఏమిటో అప్పుడే చూశాను.

*

పొద్దున టీ తాగుతూ గ్లాసు వదిలేశాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఆ గ్లాసుతోనే జారిపోయాయి. ఆసుపత్రిలో ప్రాణానికి ఢోకా లేదన్నాక ఊపిరి పీల్చుకున్నాం గాని, ఆ మనిషి మంచం మీద పడుకుని మా అందరి వైపూ చూస్తూ పెదాలు కదిపి ఏమీ రాక ఆగిపోతుంటే, మేమూ ఏమనాలో తెలియక ఆగిపోయేవాళ్లం. వార్డు కిటికీ మీద వాన ఒక్కటే మాట్లాడేది.

ఒకనాటి సాయంత్రం మా ఆవిడ ఆయనకి పాలు పడుతోంది. "మావయ్యా, కాస్త వేడిగా ఉన్నాయి, చూసుకుని..." అనేలోపే ఆయన చూసుకోకుండా ఒక గుక్క లాగేశాడు. నాలుక చుర్రుమంది.

అన్నాడు. ఆ మాట. మూడక్షరాలూ, తలుపు వేసిన చప్పుడుతో సహా, గంట కొట్టినట్టు.

పాలగ్లాసు మా ఆవిడ చేతిలో ఒలికిపోయింది. అమ్మ మంచం దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఆయన గడ్డం పట్టుకుని ఏడ్చేసింది. "మాట్లాడారు. ఒరే, మీ నాన్న మాట్లాడార్రా." నేను వరండాలోకి వెళ్లి దొరికిన వాళ్లందరికీ చెప్పాను. ఏమన్నాడని అడిగిన వాళ్లకి అదే మాట అని వినిపించాను. ఓ నర్సమ్మ "ఏ దేవుడి పేరండీ?" అని అడిగింది. "సముద్రపు దేవుడండీ" అన్నాను.

డాక్టరు తీరిగ్గా చెప్పాడు. "మనం కూర్చుకుని మాట్లాడే మాటలు ఒక గదిలో ఉంటాయనుకోండి. నొప్పికీ కోపానికీ వాటంతటవే ఊడిపడేవి ఇంకో గదిలో ఉంటాయి. వరద మొదటి గదిలోకి వచ్చింది. రెండో గదిలో ఇదొక్కటి మిగిలింది."

"ఆ గదిలో చాలా సామానుండాలే డాక్టరు గారూ. ఇరవై దేశాల సరుకది."

ఆయన నవ్వలేదు. "ఈ మొదటి నెలల్లో ఎంత పని చేయిస్తే అంత తిరిగొస్తుంది. ఈ వానలు వెలిసేలోపు అనుకోండి. ఆ తర్వాత వచ్చేది తక్కువ. మాటలు నేర్పే ఆవిణ్ణి ఇంటికి పంపిస్తాం. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆయన్ని నోరు మూసుకోనివ్వకండి."

"మా ఇంట్లో ఆ ప్రమాదం లేదండీ," అన్నాను. ఆ జోకు ఎవరి మీద పేలబోతోందో తెలియక.

*

ఇంటికొచ్చాక మా నాన్న భూతకాలమంతా కొట్టుకుపోయి బూతుకాలం మిగిలింది. ఆకలేస్తే అదే మాట. దాహమేస్తే అదే మాట. దిండు జారితే అదే, ఫ్యాను తిరిగితే అదే, ఫ్యాను ఆగితే అదే. మొదట్లో మాకు నవ్వాగేది కాదు. అన్ని రోజులు ఏడ్చిన ఇల్లు కదా, నవ్వు ఎటునుంచి వచ్చినా తలుపు తీసేసింది. రాగాన్ని బట్టి అర్థం కట్టుకోవడం నేర్చుకున్నాం. సాగదీస్తే నీళ్లు, తెగ్గొడితే బాత్రూము, మూలిగినట్టంటే అమ్మని పిలవమని.

వానలకి ఫంక్షన్లు లేవు. మైకులన్నీ గోనెసంచుల కింద పడుకున్నాయి. నాకు పని లేదు, నా నోటికి పని కావాలి. అందుకని నాన్నకి దుబాసీనయ్యాను. చూడ్డానికి వచ్చిన వాళ్లెవరైనా సరే మంచం పక్కన కూర్చోబెట్టి, "అడగండి, మా నాన్నని ఏదైనా అడగండి" అనేవాణ్ణి. వాళ్లు అడిగేవారు. ఆయన ఆ మాటనేవాడు. నేను అనువదించేవాణ్ణి. పొరుగింటి దర్జీకి, "మొన్న కుట్టిన చొక్కా బిగుతైందంటున్నారు." గ్యాసు బండ తెచ్చినవాడికి, "మీ బండ కంటే నా బతుకే తేలికంటున్నారు." వచ్చినవాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి పోయేవారు.

రేవు ఆఫీసు మేనేజరు కూడా వచ్చాడు, ఇస్త్రీ మడతలతో, తడిసిన బూట్లతో. నాన్న ఉద్యోగం మానేసినా రేవు ఆయన్ని మానలేదు.

"ఎలా ఉన్నారండీ పెద్దాయనా?"

నాన్న ఆయన ముఖంలోకి చూసి ఆ మాటన్నాడు.

"బాగున్నాను, అంతా మీ దయ అంటున్నారు సార్," అన్నాను నేను.

"అబ్బే, నాదేముంది," అని మేనేజరు చేతులు జోడించాడు. గుమ్మం అవతల మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నాన్న ఎడమచెయ్యి దుప్పటి అంచుని పిండుతోంది. అమ్మ వచ్చి ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. నేను చూశాను గాని చూడలేదు. నేను ముఖం చూశాను. ముఖం మీద నవ్వుందనుకున్నాను. సగం పట్టు తప్పిన ముఖం ఎటు లాగినా నవ్వులాగే ఉంటుంది.

ఆ తర్వాత అమ్మ కూడా ఆ మాట మొదలెట్టింది. పొద్దున్నే ఆయనకి ముఖం తుడుస్తూ, మెత్తగా, లాలిపాటలా అనేది. ఆయన బదులు అనేవాడు.

"మీకెందుకు అత్తయ్యా ఆ మాట, నోరు తిరక్కపోతే పళ్లు ఊడతాయి," అని మా ఆవిడ వేళాకోళమాడింది.

"ఆయనొక్కరే అంటే అరుపు లాగుందే. నేనూ అంటే కబుర్ల లాగుంది," అంది అమ్మ.

*

మాటల టీచరు ఒక వానపూట గొడుగు మూస్తూ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. సన్నగా, నెమ్మదిగా, తడిసిన చెప్పులు గోడవారగా ఒద్దిగ్గా పెట్టి లోపలికి వచ్చింది. తెలుగు మనలాగే మాట్లాడుతుంది గాని, ఒక్కో మాటనీ తుడిచి పెడుతున్నట్టు ఉంటుంది.

అమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, నవ్వు ముఖంతో, ఆ మాటంటూ అందించింది.

టీచరు చెయ్యి గ్లాసు దగ్గర ఆగిపోయింది.

"కంగారు పడకమ్మా," అంది అమ్మ. "మా ఇంట్లో ఇప్పుడు పలకరింపు ఇదే. ఆయనకి తోడుగా అందరం ఇదే అంటున్నాం."

ఆమె గ్లాసు తీసుకుంది. తాగలేదు. బల్ల మీద పెట్టి, సంచిలోంచి బొమ్మల అట్టలు తీసి నాన్న ముందు కూర్చుంది. కప్పు బొమ్మ చూపించింది. "ఇది ఏమిటి?"

నాన్న గుండెల నిండా గాలి తీసుకుని, ప్రయత్నం చేసి, అన్నాడు. వచ్చింది అదే మాట.

అట్ట పట్టుకున్న వేళ్లు కాస్త బిగుసుకున్నాయి. అంతే. "కాదు," అంది నెమ్మదిగా. "కప్పు."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మౌనం వస్తే పూడ్చడం నా వృత్తి. "మేడమ్, అది మా నాన్న గారి జాతీయగీతం," అని మొదలుపెట్టాను. ఓడలూ, క్రేనూ, అమ్మ షరతూ, చలి దేశాలూ ఎండ దేశాలూ, మొత్తం చెప్పాను. ఆ మాట ఎలా అనాలో కూడా చూపించాను. సుత్తి దెబ్బకి ఇలా, కరెంటు పోతే ఇలా, ప్రేమగా అయితే ఇలా. చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ. నా జీవితంలో అంత శ్రద్ధగా వినే శ్రోత దొరకలేదు. రెప్ప వెయ్యకుండా విన్నది.

"దాని అర్థం తెలుసా మీకు?" అని అడిగింది.

"తెలిస్తే మజా ఏముంటుంది మేడమ్?"

ఆమె అట్టలు సర్దుకుంది. "మళ్లీ వస్తాను," అంది. నీళ్లు అలాగే ఉన్నాయి.

ఆమె మళ్లీ వచ్చింది. నాన్న నోరు తెరవలేదు.

కప్పు చూపించింది, తాళంచెవి చూపించింది, పిల్లి చూపించింది. ఆయన గోడ వైపు చూస్తూ, పెదాలు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాడు. ఆ తర్వాతి పూటా అంతే. ఆమె వెళ్లాక కూడా అనడం తగ్గించేశాడు. అమ్మ ముఖం తుడుస్తూ ఆ మాటంటే తల తిప్పుకునేవాడు. దాహమేస్తే గ్లాసు వైపు చూపించడం మొదలుపెట్టాడు. వానకాలం సగానికి వచ్చింది. ఉన్న ఒక్క మాటా పోతోంది.

"అనండి నాన్నా, ఆ ఒక్కటే అనండి," అని బతిమాలాను. నోరు తెరిపించడానికి వేడిపాలు కూడా ఇచ్చాను. అది మాత్రం మా ఆవిడ చూసి గ్లాసు లాక్కుంది. "మీకు బుద్ధుందా?" అంది. బుద్ధి లేదు, భయముంది. డాక్టరు మాట రోజూ చెవిలో మోగుతోంది.

ఎవరో ఒకరి తప్పు కావాలి కదా. టీచరుదే అని తేల్చాను. ఆమె ముఖంలో నవ్వు లేదు, నవ్వు లేని చోట మా నాన్న వికసించడు. ఆసుపత్రికి వెళ్లి ఆమెను మార్చమన్నాను. అక్కడి గుమాస్తా, "రేపటికి ఆవిడే వస్తుంది, ఆ తర్వాత ఇంకొకరు దొరికితే పంపిస్తాం, దొరక్కపోతే లేదు" అన్నాడు. దొరుకుతారులే అనుకుని వచ్చేశాను.

*

మర్నాడు లంగరు మావయ్య వచ్చి ఉన్నాడు. నాన్నకి రేవు స్నేహితుడు. ఎక్కడ కూర్చుంటే అక్కణ్ణించి లేవడు గనక ఆ పేరు. వరండా కుర్చీలో లంగరు దించి టీ తాగుతున్నాడు. బయట గేటు దగ్గర టీచరు గొడుగు కింద నిలబడి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. వాన చప్పుడుకి గొంతు పెంచింది.

లంగరు మావయ్య టీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"ఒరే, ఎవర్రా ఆ అమ్మాయి?"

"నాన్నకి మాటలు నేర్పే టీచరు. ఇవాళ్టితో సరి. పనికిరాదు."

"అది కాదురా. ఆ మాట్లాడేదేం భాష?"

విన్నాను. అప్పటిదాకా వాన చప్పుడులో కలిసిపోయిన గొంతు విడిగా వినిపించింది. గింజలు ఉమ్మినట్టు మొదలై, నాలుక మీద గిరికీలు కొట్టి, తలుపులు వేసినట్టు ఆగే మాటలు. ఇల్లంతా తలుపులే.

"వాళ్లమ్మతో మాట్లాడుతున్నట్టుంది," అన్నాడు లంగరు మావయ్య. "ఆ భాషలో అమ్మని ఏమని పిలుస్తారో నాకు తెలుసు. మీ నాన్న ఈ పిల్ల ముందు ఆ మాటన్నాడా?"

"అందరం అన్నాం."

"అందరం అంటే?"

"అమ్మ కూడా. మంచినీళ్లిస్తూ."

ఆయన నన్ను దగ్గరికి లాగి, చెవిలో అర్థం చెప్పాడు. అది ఎదుటివాడి తల్లి గురించి. అంతకంటే ఇక్కడ పట్టదు.

"దీని మీద ఒకసారి ఓడ డెక్కు మీద కత్తి దూశార్రా," అన్నాడు. "మీ నాన్నే అడ్డం పడ్డాడు. భుజం మీద గీత ఉంటుంది చూడు. దాని బరువు ఆయనకి తెలీదనుకున్నావా? తెలిసే, తగలని చోట వాడుకున్నాడు. తగిలే మనిషి ఎదురుగా కూర్చుంటే ఇంకేం మాట్లాడతాడు?"

నాన్న భుజం మీద గీత నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. క్రేను గొలుసు తగిలిందని చెప్పేవాడు.

నా గొంతులోంచి ఆ మూడక్షరాలూ ఎన్ని రాగాల్లో, ఎన్ని హావభావాలతో ఆమె ముఖాన వెళ్లాయో ఒక్కొక్కటీ తిరిగొచ్చింది. సుత్తి దెబ్బకి ఇలా. ప్రేమగా అయితే ఇలా. శ్రద్ధగా వింటోందని ఎంత మురిసిపోయానో.

ఆమె ఫోను పెట్టేసి గేటు తీసింది. నేను ఎదురెళ్లాను. గొడుగు కూడా లేదు. నా బతుకులో మొదటిసారి మాట దొరకలేదు.

"మేడమ్, ఆ మాట... మాకు తెలీదు. అంటే నాన్నకి తెలుసు. మాకు... అమ్మకి అసలే..."

"లోపలికి రండి, తడుస్తున్నారు," అంది. మెట్ల మీదికి వచ్చాక గొడుగు విదిలిస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "మా నాన్న అనేవాడు ఆ మాట. మా అమ్మని. అందుకే అమ్మ నన్ను తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు. తర్వాత మళ్లీ మీ ఇంట్లోనే విన్నాను."

నేను మెట్టు మీద నీళ్లు కారుతూ నిలబడ్డాను.

"మిమ్మల్ని మార్చమని నేను ఆసుపత్రిలో..."

"వాళ్లు నాకు చెప్పారు."

"తప్పయిపోయింది."

"మీ నాన్న గారికి ఆ ఒక్క మాటే తలుపు," అంది. "అందులోంచే లోపలికి వెళ్లాలి. మొదటి రోజు నా చెయ్యి ఆగడం ఆయన చూశారు. అది నా పొరపాటు, ఆగకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఆ తలుపు మూసేసుకుని కూర్చున్నారు, నా కోసం. నాకు ఆ మర్యాద అక్కర్లేదు. ఆయన మాట కావాలి."

*

లోపల నాన్న గోడ వైపు తిరిగి ఉన్నాడు. అమ్మ మంచినీళ్లు తెచ్చింది. నోరు తెరవబోయి నా ముఖం చూసి ఆగింది. ఏమీ అనకుండా గ్లాసు బల్ల మీద పెట్టింది.

టీచరు సంచి దించి, మంచం చుట్టూ తిరిగి అవతలి వైపుకి నడిచింది. మంచం ఇనుప కోడు ఎక్కడుందో ఇన్నిసార్లు వచ్చిన మనిషికి తెలుసు. అయినా కాలి బొటనవేలు దానికి గట్టిగా తగిలింది.

అన్నది. తెలుగులో.

అది రేవులో మూటలు మోసేవాళ్లు మూట కాలి మీద పడ్డప్పుడనే మాట. తాతతో మొదలై ఇంటిపేరుతో ముగిసేది. ఒక్క అక్షరం తడబడలేదు. కట్టూ బిగువూ చూస్తే మైకు పట్టుకునే నాకే ఈర్ష్య పుట్టింది. అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ గడప లోపలికి రాని సరుకంతా ఒక్కసారే దిగింది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. నేను అమ్మ వైపు చూడలేక నేల చూశాను.

"చిన్నప్పుడు రేవు పక్క సందులో ఉండేవాళ్లం," అంది టీచరు బొటనవేలు పట్టుకుని, నాన్నతో. "తెలుగులో నేను మొదట నేర్చుకున్నవి ఇవే. నాకేమీ బరువుండవు. అంటే సరదాగా ఉంటుంది. మీకూ అంతేగా?"

మంచం మీంచి ఒక చప్పుడు వచ్చింది. మొదట దగ్గనుకున్నాం. నాన్న నవ్వుతున్నాడు. ఈసారి నిజంగా. కళ్లు నవ్వుతున్నాయి, భుజాలు ఊగుతున్నాయి, ఎడమచెయ్యి మంచాన్ని చరుస్తోంది. నవ్వి నవ్వి, గాలి అందక, ఆ మాటనేశాడు. అనేసి బెదిరి ఆమె వైపు చూశాడు.

ఆమె చెయ్యి ఆగలేదు. అట్టలు తీస్తూనే ఉంది. "మళ్లీ," అంది.

అన్నాడు.

"ఇప్పుడు నాతో పాటు. నెమ్మదిగా."

ఆమె అన్నది. తన నోటితో. ఆమె గొంతులో ఆ మాట మాది కాదు. మా ఇంట్లో అన్నాళ్లూ బొమ్మలా ఆడుకున్నదానికి ప్రాణముందని అప్పుడు తెలిసింది. నేను వినలేక వరండాలోకి వెళ్లిపోదామనుకుని, వెళ్లడానికి కూడా ముఖం చెల్లక అక్కడే నిలబడ్డాను.

"ఇప్పుడు మొదటి అక్షరం ఒక్కటే. అక్కడ ఆగండి. తలుపు వెయ్యొద్దు."

ఎన్నిసార్లు ఆపినా ఆయన మిగతా రెండూ లాక్కెళ్లి తలుపు వేసేవాడు. ఆమె మళ్లీ తీసేది. సాయంత్రానికి మొదటి అక్షరం దగ్గర ఆగాడు. ఆ అక్షరమేదో చెబుతాను, అందులో తప్పులేదు. అది 'పా'. ఆమె వెంటనే పాలగ్లాసు బొమ్మ చూపించింది.

"పా," అన్నాడు నాన్న. నుదుటి మీద చెమట పట్టింది. "పా... లు."

అమ్మ గోడకానుకుని కూర్చుండిపోయింది.

వెళ్లేముందు టీచరు బల్ల మీది నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగింది. ఆమెను గేటు దాకా దించి వచ్చేసరికి అమ్మ నా కోసం నిలబడి ఉంది.

"ఒరే, ఆ అమ్మాయికి నీళ్లిస్తూ నేనేమన్నానో నాకు చెప్పకు," అంది.

"అమ్మా..."

"చెప్పొద్దన్నానా. నీ ముఖంలో చదివింది చాలు." కొంగు బొడ్లో దోపుకుని, "ఆ పిల్ల వాళ్లమ్మ ఏ వీధిలో ఉంటుందో కనుక్కో. ఓసారి వెళ్లి కూర్చుని వస్తాను," అంది.

వెళ్లింది కూడా. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ వానకాలంలో నేను అడగకుండా వదిలేసిన మొదటి సంగతి అది. ఆసుపత్రికి పోయి టీచర్నే ఉంచమని చెప్పి వచ్చాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "ముందు మీరు ఒక మాట మీద ఉండండి" అన్నాడు. మా నాన్న అప్పటికి అన్నాళ్లూ ఒక మాట మీదే ఉన్నాడని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

*

పాల తర్వాత పాట, పాప, పాదం. నీళ్లు రావడానికి చాలా పట్టింది. అమ్మని పిలవడానికి ఇంకా పట్టింది. వచ్చిన మాట ఒక్కోసారి మర్నాటికి పోయేది, పోయింది ఇంకెప్పుడో తిరిగొచ్చేది. పాత మాట ఇంకా జారుతూనే ఉండేది. అది జారినప్పుడల్లా ఆయన టీచరు వైపు చూసేవాడు. ఆమె రేవు సందు తెలుగులో ఒకటి అనేది. లెక్క సరిపోయేది. అమ్మ వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా కడిగేది.

నేను చూడ్డానికొచ్చిన వాళ్లకి ప్రదర్శన మానేశాను. మానేశాననే అనుకున్నాను.

వానలు వెలుస్తున్న రోజుల్లో రేవు మేనేజరు మళ్లీ వచ్చాడు. ఈసారి బూట్లు పొడిగా ఉన్నాయి. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు, గడ్డం గీయించుకుని. పక్కన అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"ఎలా ఉన్నారండీ పెద్దాయనా?"

నాన్న పెదాలు కలిశాయి. "బా..." అన్నాడు. ఆగాడు. తర్వాతి అక్షరం ఎక్కడుందో లోపల వెతుక్కుంటున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మేనేజరు చేతిలోని సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గోడ గడియారం వినపడుతోంది. అంత మౌనం నా ప్రాణానికి పడదు.

"బాగున్నాను, అంతా మీ దయ అంటున్నారు సార్," అన్నాను.

నాన్న కళ్లు తెరిచాడు. మేనేజర్ని వదిలేసి నా వైపు తిరిగాడు. తిరగడానికే కాస్త టైము పట్టింది. సగం ముఖం ఇంకా ఆయన మాట వినడం లేదు గాని, రెండో సగంలో ఈసారి నేను నవ్వనుకుని పొరబడేందుకు ఏమీ లేదు. నన్ను చూశాడు, ఆ వానకాలమంతా ఆయన నోటికి అడ్డంగా నిలబడ్డవాణ్ణి.

"వెధవ," అన్నాడు.

తడబాటు లేదు. వెతుకులాట లేదు. పరాయిది కాదు.

నా నెత్తి మీంచి అరికాలి దాకా దిగింది. ఊళ్లో ఎంతమంది అనలేదు నన్ను ఆ మాట, మా ఆవిడైతే ముద్దుగా కూడా అంటుంది. కానీ మా నాన్న అనలేదు, ఎప్పుడూ. ఎప్పుడు తప్పు చేసినా ఏదో ఒక ఓడ అడ్డం వచ్చేది. మేనేజరు ఎటు చూడాలో తెలియక ఫ్యాను చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. ఆవిడ షరతు ఆవిడకి గుర్తుందా అని.

అమ్మ మడతపెడుతున్న చొక్కా ఒళ్లో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. గడప వైపు చూడలేదు.

"ఇంకోసారి అనండి," అంది.

నాన్న ఆవిణ్ణి చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు. చాలన్నట్టు. మళ్లీ మేనేజరు వైపు తిరిగి, కళ్లు మూసుకుని, వదిలేసిన చోట మొదలుపెట్టాడు.

"బా..."

నేను చేతులు కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. గడియారం నడుస్తోంది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మిగతా మాట వచ్చేదాకా ఎవరం ఏమీ అనలేదు.